నడికట్టు

...ఇంతకీ ఆ మాట అంటున్నది కుట్టా, తన పొట్టేనా? సువర్చలకు తెలియడం లేదు. ఈమధ్య కాన్పు ఆపరేషన్ అయిన అందరికీ, గాయం సంగతి తానే చెప్పే మాట్లాడే దారంతోనే కుట్లు వేస్తున్నారు. పొట్ట మడత కింద, తానెన్నడూ అద్దంలో చూసుకోని చోటి నుంచి, అది మళ్లీ అంది:

"తడిగా ఉందండీ. గాలి తగలకపోతే విడిపోతాను."

"దాని మొహం! బిగించి కడితేనే పొట్ట లోపలికి పోయేది," అంటూ తల్లి నడికట్టు ఇంకో చుట్టు చుట్టింది. "మీ అత్తగారొచ్చే వేళకి అంత పొట్టేసుకుని కూర్చుంటావుటే?"

సువర్చల తలూపింది. ఇన్నేళ్లూ దాచింది ఒంటినా, తననా? వీధిలో ఆటో ఆగింది. తల్లి ఎదురెళ్లింది.

"నొప్పిగా ఉంది," అంది ఎవరో. అచ్చం తన గొంతే.

అత్తగారు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా, సువర్చల నడికట్టు ముడి విప్పింది.