ఆరిన కొలిమి

చెత్తను మండించి కరెంటు తీసే కర్మాగారంలో కొలిమి వారం నుంచీ రాజుకోవడం లేదు. దాన్ని నడిపే అతను చిరాగ్గా ఇల్లు చేరాడు.

"మన పేటలో ఆఖరి ఇల్లు కూడా దారికొచ్చిందండీ. ఇక అందరూ తడిచెత్త, పొడిచెత్త వేరుగానే ఇస్తారు" అంది భార్య గర్వంగా. ఇంటింటికీ తిరిగి నేర్పింది ఆవిడే.

"కాగితాలూ ప్లాస్టిక్కూ మీరు ఏరేసుకుంటే మాకు మిగిలేది తడి తొక్కలేగా. అవి మండుతాయా, నా తలకాయ! డీజిల్ పోసినా అంటుకోవట్లేదు. నెలాఖరుకి మూసేస్తారట."

ఆవిడ ముఖం వాడిపోయింది. "మన పొట్ట నేనే కొట్టానన్నమాట" అంటూ పొడిచెత్త సంచిని తడి బుట్టలోకి వంచబోయింది.

అతను చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. ఆ కొలిమి పొగ ఆగినప్పటి నుంచీ మన పాప దగ్గకుండా నిద్రపోతోంది. చూళ్లేదా?"