గడియారం వద్దు

“సార్, మీ ఫ్లాపీల్లో ఉన్నవన్నీ కొత్త హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. కానీ మూడొందల ఫైళ్ళకీ ఒకటే తేదీ పడింది!” అన్నాడు మెకానిక్, పాత కంప్యూటర్ తెర చూపిస్తూ.

తండ్రి ఫ్లాపీలు పెట్టెలో సర్దుకుంటున్నాడు. పక్కనున్న కూతురే అడిగింది.

“గడియారం పాడైందా?”

“అసలు ఇందులో గడియారమే లేదమ్మా. ఆన్ చేసినప్పుడల్లా ఇవాళ తేదీ ఎంతని అడుగుతుంది. మనమేం కొడితే అదే నమ్ముతుంది. డిస్కుతోపాటు ఓ చిన్న గడియారం కూడా బిగించేస్తే ఆ పీడా పోతుంది.”

“గడియారం వద్దు,” అన్నాడు తండ్రి గబుక్కున.

కూతురు తెర మీదికి వంగింది. పైనుంచి కింది దాకా అదే తేదీ. ఆ తేదీ ఆమె మరిచిపోలేనిది. ఆ మర్నాడే తమ్ముడు ఏట్లో మునిగిపోయాడు.

ముప్ఫై ఏళ్ళుగా తండ్రి వాడి పేరెత్తలేదు. కొడుకుని ఇట్టే మరిచిపోయాడని ఆమె లోలోపల కుమిలిపోయింది. ఆయన మాత్రం రోజూ గది తలుపు వేసుకుని, ఆ తేదీ కొట్టి, వాడింకా బతికున్న రోజులోకి వెళ్ళి కూర్చుంటున్నాడు.

మెకానిక్ మిషన్ ఓసారి ఆపి, మళ్ళీ స్విచ్చి వేశాడు. కొత్త డిస్కు గుయ్యిమంది. తెర తేదీ అడిగింది. తండ్రి వేళ్ళు మీటల దాకా వెళ్ళి ఆగిపోయాయి. కూతురు చూస్తుండగా కొట్టలేకపోయాడు.

ఆమే ఆ తేదీ కొట్టి, కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుంది.

“నాన్నా, ఆరోజు తమ్ముడేం చేశాడో చెప్పు.”

ఆయన ఆమె వైపు తిరిగాడు.

“కళ్ళు నులుముకుంటూ లేచాడమ్మా. లేస్తూనే ‘అక్కేదీ?’ అన్నాడు.”