నా అన్నవాళ్లెవరూ లేరు

"నాయనమ్మా, మళ్లీ చెబుతున్నా. కెమెరా నీవైపు తిరిగినప్పుడు కళ్లు ఒత్తుకో. అంతే. నోరు విప్పావంటే నా కొంప మునుగుతుంది."

"ఈ వయసులో నాచేత దొంగేడుపు ఏడిపిస్తావా?" అంది బల్కియా.

"దొంగేడుపు కాదు, ప్రచారం."

అల్దియార్ సాపారోవ్ ఆమె భుజాల మీద వెలిసిపోయిన శాలువా సర్ది మొదటి వరసలో కూర్చోబెట్టాడు. ఆ శాలువా ఆమెది కాదు. పేదగా కనిపించాలని పక్కింటావిడ దగ్గర అడిగి తెచ్చాడు.

కజఖ్‌స్తాన్‌లోని అల్మాటీ నగరంలో స్టార్టప్ పెట్టినవాళ్లూ, పెట్టాలనుకునేవాళ్లూ వదలకుండా చూసే కార్యక్రమం అది. వారానికో కొత్త వ్యాపారి, అతని మీద డబ్బు పెట్టిన మదుపరి వేదిక మీద పక్కపక్కన కూర్చుని తమ ప్రస్థానం చెప్పుకుంటారు. అందరి ప్రస్థానమూ ఒకటే. ముందు ఆకలి, తర్వాత అవమానం, చివరికి కోట్లు. సొంత ఆకలి లేనివాళ్లు అరువు తెచ్చుకుంటారు.

అల్దియార్ చేసింది ఒక యాప్. పెళ్లి విందుకు వచ్చినవాళ్లలో ఎవరికి ఎవరు ఏమవుతారో చూసి, ఎవరిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో చెబుతుంది. పెట్టిన డబ్బు హారతి కర్పూరమైంది. ఇక మిగిలిన ఆశల్లా లండన్ నుంచి వచ్చిన హెలెన్ మీదే. ఆమె కూడా మొదటి వరసలోనే కూర్చుంది. పక్కన దుబాసీ. సభలో ఎవరు దగ్గినా ఆమె చెవిలో అనువదించే రకం.

"ఇదివరకు మేం పెట్టిన డబ్బంతా బావమరుదులకీ మేనల్లుళ్లకీ పోయింది," అని హెలెన్ ముందే చెప్పింది. "ఎవరి అండా లేకుండా పైకొచ్చినవాడని నమ్మకం కుదిరితే ఇవాళే సంతకం పెడతాను."

ఆ సంతకం పడకపోతే వచ్చే నెల ఆఫీసుకు తాళమే.

యాంకర్ జనెల్ మైకు సర్దుకుంది. "చెప్పండి అల్దియార్ గారూ, ఎక్కడ మొదలైంది మీ ప్రయాణం?"

"ఏం చెప్పమంటారండీ! చిన్నప్పుడే నాన్న పోయాడు. మా నాయనమ్మ తప్ప నాకు నా అన్నవాళ్లెవరూ లేరు. బజార్లో బౌర్సాక్‌లు వేయించి అమ్మి నన్ను చదివించింది. ఇప్పటికీ కాగే నూనె వాసన తగిలితే నాకు కన్నీళ్లాగవు."

కెమెరా తిరిగింది. బల్కియా కళ్లు ఒత్తుకోలేదు సరికదా, మూతి ముడిచింది. ఆమె ముప్ఫై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పిన మనిషి. తప్పు చెప్పిన పిల్లల చెవులు మెలిపెట్టిందే తప్ప, జన్మలో ఒక్క బౌర్సాక్ అమ్మి ఎరగదు. అదృష్టం బాగుండి జనం చప్పట్లు కొట్టారు.

"ఈ అబ్బాయిలో ఏం చూసి డబ్బు పెట్టారండీ, తోలెగెన్ గారూ?"

తోలెగెన్ ఒర్మానోవ్ మదుపరుల్లో పెద్ద తలకాయ. ఆయన కాళ్లు చాపుకుని కూర్చుని, "నేను దరఖాస్తుల మీద పేర్లు కొట్టేయించి చదువుతానమ్మా," అన్నాడు. "ఇతనెవరో, ఎవరబ్బాయో నాకు తెలీదు. ఆలోచన నచ్చింది, డబ్బిచ్చాను. మన దగ్గర ఈ మామయ్యల, బాబాయిల పైరవీలు పోతే గానీ దేశం బాగుపడదు."

"ఇలాంటి పెద్దమనిషి ఒకాయన ఉంటాడని కూడా నాకు తెలీదండీ," అన్నాడు అల్దియార్, గుండెల మీద చెయ్యి వేసుకుని.

బల్కియా వేదికవైపే చూస్తూ సంచిలోంచి ఎండు పెరుగుండ తీసి బుగ్గన పెట్టుకుంది. "చిక్కి సగమయ్యాడు. వేళకి తింటున్నాడో లేదో," అని గొణిగింది.

దుబాసీ అది కూడా వదల్లేదు. హెలెన్ మురిసిపోయి ముసలావిడ చెయ్యి నొక్కింది. సంచిలోంచి కాగితాలు తీసి, కలం మూత విప్పింది. వేదిక మీంచి అది చూసిన అల్దియార్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఇంకొక్క ముచ్చట!" అంది జనెల్. "నౌరుజ్ పండగ వారం కదా, ఈసారి కొత్త ప్రశ్న పెట్టాం. అతిథులిద్దరూ నాన్నతో మొదలుపెట్టి తమ ఏడు తరాల తాతల పేర్లు చెప్పాలి. కజఖ్ బిడ్డకి అవి రాకపోతే అనాథ కింద లెక్క, తెలుసుగా!"

సభ ఘొల్లుమంది.

అల్దియార్ ఆలోచించలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అక్షరాలకన్నా ముందు అవే నేర్చుకున్నాడు. "సాపార్, జాకిప్, ఒర్మాన్, తిలేవ్, బైగరా, కుల్జాన్, యెల్తాయ్!" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఈల వేసినవాళ్లు కూడా ఉన్నారు. బల్కియా మొహం చాటంత అయింది.

"ఇక మీ వంతు, తోలెగెన్ గారూ."

అల్దియార్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తోలెగెన్ చాపిన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నేను... రష్యన్ బళ్లో చదివినవాణ్ని కదమ్మా. గుర్తు లేవు."

"ఏడూ వద్దండీ, పోనీ నాలుగు చెప్పండి."

"గుర్తు లేవన్నాగా!"

"తాతల్నే మింగేసినవాడు డబ్బుకేం లెక్క చెబుతాడ్రా!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు. జనం పడీపడీ నవ్వారు. తోలెగెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఏవో ఏడు పేర్లు కల్పించి గట్టెక్కొచ్చు. కానీ లెక్కలెన్ని మార్చినా, తాతల్ని మార్చే ధైర్యం ఆయనక్కూడా లేదు.

"పోనీండి జనెల్ గారూ, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకండి," అన్నాడు అల్దియార్. నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది. బల్కియా లేచింది. అల్దియార్ కళ్లతోనే దండం పెట్టాడు. ఆమె చూడలేదు. శాలువా జారి కిందపడినా ఆగకుండా మెట్లెక్కి వచ్చి, అంత పెద్దమనిషి తోలెగెన్ చెవినీ పట్టుకుని మెలిపెట్టింది.

"ఊళ్లో పిల్లలందరికీ నేర్పినదాన్ని, నా కడుపున పుట్టి నా పరువు తీస్తావుట్రా, మీ అన్న కొడుకు ఇప్పుడే చెప్పాడు కదా, వాళ్ల నాన్న పేరొకటి వదిలేసి మిగతావన్నీ అప్పజెప్పు!"