రోజూ మాయమయ్యే నంది

మళ్ళీ నంది మాయమైంది.

రాతి నంది ఆళ్లగడ్డ శిల్పుల షెడ్డులో చక్కగానే ఉంది. పోయింది వెబ్‌సైట్‌లో దాని ఫొటో. నాలుగు రోజుల్లో ఇది నాలుగోసారి.

నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చి వీళ్ళకు వెబ్‌సైట్ నడపడం నేర్పుతున్న షాలినికి ఒళ్లు మండిపోయింది. నేర్పింది మాత్రం ఎంతని? కోడింగ్ లేదు, పాడూ లేదు. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఫొటో ఎక్కించు, నాలుగు ముక్కలు రాయి, పబ్లిష్ నొక్కు. వద్దనుకుంటే ట్రాష్ నొక్కు. అంతే.

షెడ్డులో పనిచేసే ఆరుగురికీ తలా ఒక లాగిన్ ఇవ్వడమే తను చేసిన పాపం.

"ఎవరు తీస్తాండారో కనపడదా?" అడిగింది సుబ్బలక్ష్మి. శిల్పి అయిన తన నాయన మంచాన పడ్డప్పటి నుంచి షెడ్డు చూసుకునేది ఆమే.

కనపడింది. యాకోబు. రుద్రవరం నుంచి వచ్చి రాతిపొడి ఊడ్చే ముసలాయన. అన్ని పాఠాల్లోనూ ఆయనకు వంటబట్టింది ఆ ట్రాష్ ఒక్కటే.

"ఏందప్పా, నందిని ఎందుకు తీస్తాండావ్?" సుబ్బలక్ష్మి నిలదీసింది.

"అది అమ్మేది కాదమ్మా."

"ఎందుకు కాదు?"

"మోగల్యా."

"రాతి బొమ్మ మోగేదేంది? అదేమన్నా గంటనా?"

"మీ నాయన్ను అడుగు."

"మంచంలో ఉండే మనిషిని దీనికి కూడా అడగల్నా?"

షాలినికి ఓపిక పోయింది. ఆ ఫొటో చూసి ప్యాపిలి గుడివాళ్ళు సాయంత్రం ఖాయం చేస్తామన్నారు. వెబ్‌సైట్‌కు ఇదే మొదటి ఆర్డరు. ఇది తప్పిపోతే తనను ఇంకో షెడ్డువాళ్ళు పిలవరు.

నంది ఫొటో మళ్ళీ పెట్టింది. యాకోబు లాగిన్‌ను చూడటం తప్ప ఏమీ చేయలేనట్టు మార్చింది.

"ఇంక నువ్వు ఊరికే చూసుకో, తాతా."

నంది లారీ ఎక్కింది. మరుసటి రోజు నుంచి యాకోబు పనికి రాలేదు. ఎవరూ కనుక్కోలేదు కూడా. ఊడ్చేవాళ్ళకు కరువా?

పది రోజులకు ప్యాపిలి నుంచి ఫోన్.

"పీఠం మీద పెడ్తానే నడుముకు చీలిందమ్మా మీ నంది. ఊరంతా చూస్తాండారు."

సుబ్బలక్ష్మి పరుగున ఇంటికి పోయింది. వెనకే షాలిని. జరిగింది పలక మీద రాసి మంచం దగ్గర పెట్టారు. పెద్దాయన చదివి, కూతురి వైపు తిరిగాడు.

"యాకోబు సుత్తితో తట్టి విన్యాడా దాన్ని?"

సుబ్బలక్ష్మి పలక తుడిచి, "మోగల్యా అన్న్యాడు" అని రాసింది.

"ఉలి దెబ్బలకు నా చెవులు పోయి ఇరవై ఏండ్లాయె. రాయిలో పగులుంటే విని చెప్పేది వాడేమ్మా."