మూత కింద ఆరేళ్ళు

ఆ షెడ్డులో టెలిస్కోపును చుక్క వెంట తిప్పే మౌంట్లకు చక్రాలు చెయ్యడం తమ్ముడి పని, వాటిని బిగించి పంపడం అన్న పని.

రిపేరుకొచ్చిన టెలిస్కోపు మౌంటు మూత విప్పగానే తమ్ముడి చేతులు ఆగిపోయాయి. తను ఆకురాయితో రుద్ది రుద్ది చేసిన పళ్ళచక్రం పక్కనే ఎన్‌కోడర్ నక్కి ఉంది. చక్రం తిరగడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టి మోటారు చేత సరిదిద్దించే పరికరం అది.

"ఇదేంటన్నయ్యా? మావాడి చక్రముంటే ఇది దండగని అందరితో అంటావుగా?"

అన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చేసిన మొదటి చక్రంతో టెలిస్కోపు చుక్క మీద నిలవలేదురా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

"ఎన్నిటికి పెట్టావు?"

"అన్నిటికీ."

ఆరేళ్ళుగా కాలరెగరేసుకు తిరిగిన తమ్ముడు, చక్రాన్ని ఊడదీసి అన్న చేతిలో పెట్టాడు.

"ఆ రోజే చెప్పుంటే, రెండోది బాగా చేసేవాణ్ణి కదన్నయ్యా."