కవచం కార్డు

బందరు బస్టాండులో వానకి తడుస్తూ నిలబడ్డ హన్నాని ఓ పెద్దాయన తన గొడుగు కిందికి రమ్మన్నాడు. ఇద్దరూ వెళ్లాల్సింది ఒకే హాలుకి.

ఒకే గొడుగు కింద వచ్చేసరికి ఆయన ఆ పిల్ల తాలూకు మనిషేనని అందరూ అనుకున్నారు. మనవాళ్లకి చుట్టరికాలు కలపడం ఎంతసేపు?

ఆ రోజు కార్డుల ఆట ఫైనల్. పేకాట కాదు. మాంత్రికులూ యోధులూ ఉండే కార్డులు, ఒక్కోదానికీ దాని మీద రాసి ఉన్న శక్తి. గెలిచినవాళ్లు విజయవాడలో రాష్ట్ర పోటీకి వెళ్తారు. గుడ్లవల్లేరు నుంచి వచ్చిన హన్నా రెండేళ్లుగా ఆ ఒక్క సీటు మీదే ప్రాణాలు పెట్టుకుంది.

ఎదురుగా పెడన కుర్రాడు జాహిద్.

ఆఖర్లో హన్నా తన యోధుడికి కవచం కార్డు తొడిగింది. ‘ఈ యోధుణ్ణి ఏ కార్డూ తాకకూడదు’ అని ఉంది దాని మీద.

జాహిద్ అగ్నివర్షం వేశాడు. ‘బల్ల మీదున్న యోధులందరూ కాలిపోతారు.’

మరి ఆ యోధుడు కాలినట్టా, కాలనట్టా?

రిఫరీ గోవర్ధనరావు గారు గొంతు సవరించుకుని, తమ క్లబ్బులో మొదట్నుంచీ చివర వేసిన కార్డుదే పైచేయి అని తేల్చేశారు. అది పేకాట బల్ల దగ్గర అబ్బిన అలవాటు. అసలు రూల్సు పుస్తకం ఆయన బ్యాగులోనే ఉంది, కవరు కూడా చింపకుండా.

వెనక వరసలోంచి గొడుగు పెద్దాయన లేచాడు.

“ఒక కార్డు చెయ్యమంటోంది, ఒకటి వద్దంటోంది. వద్దన్నదే నిలవాలండీ. లేకపోతే ఆ కవచం కార్డు ఎందుకు?”

జాహిద్ తలెత్తలేదు.

మీ అమ్మాయి కోసం మీరు మాట్లాడతారు లెండి అని రిఫరీ నవ్వారు. హాలంతా నవ్వింది. సిఫార్సుతో ఆడుతోందని ఎవరో అన్నారు కూడా.

హన్నాకి ఒళ్లు మండిపోయింది.

“ఈయనెవరో నాకు తెలీదు. నా తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదండీ. నా నోరు నాకుంది.”

పెద్దాయన లేచిన చోటినుంచే వెనుదిరిగాడు. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

హన్నా మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. పుస్తకం తెరిచి చూపించేదాకా లేవనంది. బతిమాలారు, కసిరారు, చివరికి ఫ్యాన్లు ఆపేశారు. చెమటలు కారుతున్నా ఆ పిల్ల అలాగే కూర్చుంది.

అరగంటకి రిఫరీ విసుక్కుంటూ కవరు చింపారు. పందొమ్మిదో పేజీ చదివి, పుస్తకం హన్నా వైపు తిప్పారు. చెయ్యమనే కార్డూ వద్దనే కార్డూ ఎదురుపడితే వద్దనేదే నిలుస్తుందని స్పష్టంగా అచ్చేసి ఉంది అక్కడ.

విజయవాడ సీటు హన్నాది.

చప్పట్లు అయ్యేదాకా కూడా ఆగలేకపోయింది. అన్న మాటకి సిగ్గుతో చచ్చిపోతూ రోడ్డు మీదికి పరుగెత్తింది. గొడుగు పెద్దాయన అప్పుడే పెడన బస్సెక్కి వెళ్లిపోయాడని టీకొట్టు ముత్యాలమ్మ చెప్పింది.

తిరిగొచ్చేసరికి హాలు ఖాళీ అయింది. జాహిద్ ఒక్కడే తన కార్డులు సర్దుకుంటున్నాడు.

“ఆయన మీ ఊరివాడటగా. మీకు తెలుసా?” అంది.

జాహిద్ అగ్నివర్షం కార్డుని కట్టలో అడుక్కి పెట్టాడు.

“ఈ ఆట నాకు నేర్పింది ఆయనేనండీ,” అన్నాడు. “మా నాన్న.”