శ్రీనిధి మరుపు నాటకం

“మీరెవరండీ?” అంది శ్రీనిధి.

కన్నకూతురు తనని ‘అండీ’ అనేసరికి లీలాకుమారి అందించబోయిన పాలగ్లాసు వెనక్కి తీసుకుంది. పక్కనే ఉన్న ఆమె భర్త వెంకటేశ్వరరావు మాత్రం చలించలేదు.

“మొదలెట్టింది,” అన్నాడు.

ఫిల్మ్‌నగర్‌లో వాళ్లింటి మేడమెట్ల మీద పొద్దున్నే జారిపడింది శ్రీనిధి. బంజారాహిల్స్‌లో ఓ ఆస్పత్రికి తీసుకెళ్తే, స్కాన్‌లో ఏమీ కనబడలేదని, రెండ్రోజులు కనిపెట్టుకుని ఉండమని చెప్పి పంపించారు. దారంతా నోరు విప్పని పిల్ల, ఇంట్లో ఓ కునుకు తీసి లేచి, ఇదిగో, ఇలా మాట్లాడుతోంది.

“రేపు ఎంసెట్ గ్రాండ్ టెస్టు. ఇవాళ మతిమరుపు. ఎంత బాగా కుదిరిందో చూడు!” అంటూ వెంకటేశ్వరరావు కూతురి బల్లమీదున్న ఇంగ్లీషు నవలల దొంతర తెచ్చి మంచం మీద పడేశాడు. శ్రీనగర్ కాలనీలో అద్దెకి తెచ్చుకున్నవి. “ఇందులో పదిహేడేళ్ల పిల్ల కారు గుద్దుకుని సొంత పేరు మర్చిపోతుంది. ఇందులో కుర్రాడు ఆస్పత్రి మంచం మీద లేచి అమ్మని పట్టుకుని నర్సనుకుంటాడు. ఇందులో పిల్లకి ప్రేమించినవాడే గుర్తులేడు. ఆర్నెల్లుగా ఇవే చదువుతోంది. వీళ్లలో ఒక్కళ్లైనా పరీక్ష రాశారా, అడుగు!”

శ్రీనిధి ఓ నవల తీసి అట్ట చూసింది.

“బావున్నట్టుందండీ. నేను చదవొచ్చా?”

“చూశావా, తెలివి!”

ఆ మాటలకి పక్కగదిలోంచి ఆదినారాయణ కుర్చీ లాక్కుంటూ వచ్చాడు. శ్రీనిధికి తాతయ్య. ఒకప్పుడు సినిమాల్లో డాక్టరు వేషాలంటే ఆయనకే వచ్చేవి. మనవరాలి ఎదురుగా కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుని, కొత్తవాళ్లకి పరీక్ష పెట్టే డైరెక్టరులా చూశాడు.

“చూపు బ్రహ్మాండం. ఖాళీగా ఉంది. కానీ తల్లీ, ఇలాంటి సీన్లో ముందు ‘నేనెక్కడున్నాను’ రావాలి. నువ్వది ఎగరగొట్టేశావ్.”

“నేనెక్కడున్నానండీ?”

“అదీ! చెప్తే ఇట్టే పట్టేస్తుంది,” మురిసిపోయాడాయన. “ఆ జుట్టు సర్దుకోవడం మాత్రం వద్దు. మతి పోయినవాళ్లకి జుట్టెక్కడ గుర్తుంటుంది?”

శ్రీనిధి బుద్ధిగా చెయ్యి దించేసింది.

గది ఊడుస్తున్న దేవమ్మ చీపురు ఆపింది. “మా గల్లీల గిట్లనే ఒకామెకు పూనకమొస్తుండె సారూ, వంట తప్పించుకోనీకి. నిమ్మకాయ తిప్పుతమనంగనే దిగిపోయింది.”

“నిమ్మకాయెందుకు, నేను దింపుతా,” అన్నాడు వెంకటేశ్వరరావు. “అమ్మడూ, నీ సెల్‌ఫోను తమ్ముడికి ఇచ్చేస్తున్నాను.”

“మీ ఇష్టమండీ.”

ఆ ఫోను కోసం మొన్న అన్నం మానేసిన పిల్ల! వెంకటేశ్వరరావు ఓ క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. “అబ్బో, గట్టిపిండమే!”

“ఏమండీ, నిజమేమోనండీ,” అంది లీలాకుమారి.

“నిజం కాదు, నవల. మా ఆఫీసులో కొత్త కుర్రాళ్లు సెలవు కోసం ఇంతకంటే బాగా చేస్తారు. రేపు పరీక్షహాల్లో కూర్చోబెడితే ఫార్ములాలన్నీ తన్నుకుంటూ వస్తాయి.”

లీలాకుమారి పాలగ్లాసు పక్కనపెట్టి మంచం అంచున కూర్చుంది. కూతురి చెయ్యి తీసుకుంది. ఆ చెయ్యి ఆమెకి అందిందేగానీ, వేళ్లు ముడుచుకోలేదు.

“నీకు ఇంజనీరింగు వద్దని ఎన్నిసార్లు చెప్పావో! నేనే వినలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగమంటే నీకంటే నాకే మోజు. కంప్యూటర్లు నేర్చిన పిల్ల అని పదిమందికీ చెప్పుకోవాలనుకున్నాను. పోనీ, పరీక్ష రాయొద్దు. రేపే కాదు, అసలెప్పుడూ రాయొద్దు. కోచింగు మానేసి నీకు నచ్చింది చదువుకో. కానీ నేనెవరో తెలీదని మాత్రం అనకు తల్లీ. ఆటకైనా అనకు.”

అంతే. ఆమె కూతురి ఒడిలో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. తాతయ్య కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. వెంకటేశ్వరరావు కిటికీ వైపు తిరిగాడు.

శ్రీనిధి ఆ వెక్కిళ్లని చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా ఆమె తల నిమిరింది. చున్నీ అంచుతో కళ్లు తుడిచింది.

“ఏడవకండి... ఏడవకమ్మా. నటించాను. నాకన్నీ గుర్తున్నాయి.”

గదిలో ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. లీలాకుమారి కూతుర్ని ఊపిరాడకుండా కావిలించుకుంది. “దొంగముండా! ఇంకెప్పుడైనా ఇలా చేశావంటే చంపేస్తాను!” అంది ఏడుస్తూనే, నవ్వుతూనే.

“నేను చెప్పలేదూ!” అన్నాడు వెంకటేశ్వరరావు. చొక్కా చేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. “సర్లే, మీ అమ్మ మాటే నా మాట. కోచింగువాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తా.”

ఆదినారాయణ చప్పట్లు కొట్టాడు. “ఆ ‘ఏడవకండి’ దగ్గర నన్ను కూడా నమ్మించేశావే! మా రోజుల్లో పుట్టుంటేనా, నిర్మాతలు గుమ్మం ముందు నిలబడేవాళ్లు.”

లీలాకుమారి పులిహోర కలపడానికి వంటింట్లోకి పరిగెత్తింది. మగవాళ్లిద్దరూ నవ్వుకుంటూ హాల్లోకి వెళ్లారు. దేవమ్మ చెదిరిన నవలలు సర్దుతూ, “మస్తు యాక్టింగ్ చేసినవు పో బిడ్డా! నేను సుత పరేషానైన,” అంది.

శ్రీనిధి గుమ్మం వైపు ఓసారి చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, గొంతు తగ్గించి అడిగింది:

“ఏమండీ, ఇందాక ఏడ్చినావిడ ఎవరు? పాపం, చూడలేక అబద్ధం చెప్పేశాను.”